ఆ మూడొందల పదాలు: ఆరు ఊర్ల నీళ్ల వెంట మూడేళ్లు, నా అనుభవం

తాగునీళ్లలో ఫ్లోరైడ్ మీద చేసిన మా పరిశోధన ప్రాజెక్టు తుది నివేదికను 2025 ఫిబ్రవరి 24న స్పీడ్ పోస్టులో వేశాను. దరఖాస్తు పంపింది 2022 ఫిబ్రవరి 27న. మూడేళ్లకు మూడు రోజులు తక్కువ. పోస్టాఫీసు బయట మెట్ల మీద కూర్చుంటే కాళ్లు వణికాయి. అది సంతోషమో, అలసటో ఆ క్షణాన తెలియలేదు.

నేను నల్లగొండ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెబుతాను. నాలాగే చిన్న ఊర్ల కాలేజీల్లో పని చేస్తూ, వేరే సబ్జెక్టుల వాళ్లతో కలిసి ఒక పరిశోధన చేద్దామనుకునేవాళ్లు తరచూ ఫోన్ చేస్తుంటారు. ఎన్నాళ్లు పడుతుంది, చేతి నుంచి ఎంత పెట్టుకోవాలి, అసలు లోపల ఏం జరుగుతుంది అని అడుగుతారు. జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను. ఊర్ల పేర్లు మాత్రం రాయను. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు ఆరు ఊర్లు అనుకోండి చాలు. పేర్లు బయటపెట్టబోమని మాటిచ్చాం. ఎందుకివ్వాల్సి వచ్చిందో కింద వస్తుంది.

ఇదంతా ఒక పిల్ల అడిగిన ప్రశ్నతో మొదలైంది. తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు ఇక సున్నా అని 2020లో కేంద్రం లెక్క చెప్పింది. పేపర్లో చదివి నేను నిజంగా సంతోషపడ్డాను. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు బిగిసి మా మేనత్తకు మెడ తిరిగేది కాదు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మనిషంతా తిరిగి చూసేది. ఆమె బతికుండగా కృష్ణా నీళ్లు గడపలోకి రాలేదు. మిషన్ భగీరథ పైపులు వచ్చాక మా చుట్టాల ఇళ్లలో నల్లా తిప్పి చూసిన రోజు ఇప్పటికీ కళ్ల ముందుంది. మరుసటి ఏడు క్లాసులో సామాజిక గణాంకాల పాఠం చెబుతూ ఆ సున్నాను ఉదాహరణగా బోర్డు మీద రాశాను. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచింది.

"మేడం, మా నాయన మంచంల నుంచి లేవలేడు. ఆ సున్నాల మా నాయన ఉన్నట్టా, లేనట్టా?"

నా దగ్గర జవాబు లేదు. లెక్కలో తప్పు లేదు. ఆవాసానికి మంచినీళ్లు అందాయి కాబట్టి ఆవాసం పేరు జాబితాలోంచి పోయింది. ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ మాత్రం అంత తేలిగ్గా పోదు, వంగిన నడుము మళ్లీ నిలబడదు. ఆవాసాన్ని లెక్కపెట్టే పద్ధతి మనకు ఉంది. ఆ ఇంట్లో మంచం మీదున్న మనిషిని ఏ గడిలో రాయాలి?

ఆ ప్రశ్న ఒక్క సోషియాలజీతో తేలేది కాదు. తెలిసినవాళ్ల ద్వారా వెతికి మరో ముగ్గురిని పట్టుకున్నాను. భూగర్భ శాస్త్రం సారు, కమ్యూనిటీ మెడిసిన్ చెప్పే డాక్టరమ్మ, ఎకనామిక్స్ సారు. మొదటిసారి కలిసింది 2021 డిసెంబర్‌లో, నల్లగొండ బస్టాండు దగ్గర ఒక హోటల్లో. ఒక్కొక్కరు ఒక్కో నీళ్ల గురించి మాట్లాడారు. మన గ్రానైట్ రాళ్లలోంచి ఫ్లోరైడ్ బోర్లలోకి ఎలా దిగుతుందో సారు రుమాలు మీద గీసి చూపించారు. డాక్టరమ్మ 1937 సంగతి ఎత్తారు. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బును వైద్యులు మొదట నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లా దర్శి ప్రాంతంలో. అంతకుముందే రైతులు తమ ఎడ్లు నడవలేకపోవడం చూసి ఏదో తేడా ఉందని పసిగట్టారట. "అందుకే ముందు ఊరివాళ్లను అడుగుదాం, తర్వాతే మన పరికరాలు" అన్నారావిడ. ఎకనామిక్స్ సారు చాలాసేపు మాట్లాడకుండా విని, "ఒక మనిషి నలభై ఏళ్లకే కూలికి పోలేకపోతే ఆ ఇంటి లెక్క ఏంటి?" అని ఒక్క మాట అడిగారు.

మా ఎంఏ మాస్టారు పదే పదే చెప్పే శామీర్‌పేట నాకు గుర్తొచ్చింది. 1951లో, హైదరాబాద్ సంస్థానం దేశంలో కలిసిన సుమారు మూడేళ్లకు, మానవ శాస్త్రవేత్త ఎస్.సి. దూబే ఆధ్వర్యంలో ఉస్మానియా నుంచి ఒక బృందం ఆ ఊరికి వెళ్లింది. మానవ శాస్త్రం వాళ్లే కాదు, వ్యవసాయం, పశువైద్యం, వైద్యం వాళ్లు కూడా అందులో ఉన్నారు. కొత్త దేశానికి పథకాలు రాసేముందు ఒక ఊరు ఎలా బతుకుతుందో కలిసి చూద్దామని బయలుదేరారు. మాదీ అలాంటి పనే, చాలా చిన్న మేరలో.

2022 జనవరి చివర నిధుల ప్రకటన వచ్చింది. గడువు 35 రోజులు. నలుగురం నాలుగు ఊర్లలో ఉన్నాం, కలిసి రాయడం రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్‌లోనే. దరఖాస్తులో అన్నీ పూర్తయ్యాక ఒక గడి మిగిలింది: ఈ పరిశోధన దేశ నిర్మాణానికి ఎలా తోడ్పడుతుంది? 300 పదాలకు మించకుండా రాయండి. అర్ధరాత్రి కూర్చుని రాసేశాను. సమ్మిళిత అభివృద్ధి, సాక్ష్యాధారిత విధానం, మానవ వనరులు... అన్నీ సరైన మాటలే. ఎవరూ తప్పు పట్టలేరు. కానీ బెంచీ మీంచి లేచిన ఆ అమ్మాయికి చదివి వినిపిస్తే వాళ్ల నాయన గురించి ఒక్క ముక్క ఉందా అని అడిగేది. లేదు.

ఇక ఎదురుచూపులు. షార్ట్‌లిస్టు అయినట్టు మెయిల్ జూలైలో వచ్చింది. ఆగస్టు 18న ఆన్‌లైన్లో పది నిమిషాలు మాట్లాడనిచ్చారు. నలుగురిలో ఒక్కరే మాట్లాడాలి, ఈ సంగతి ముందు రోజు సాయంత్రం చెప్పారు. కమిటీలో ఒకరు అడిగింది ఒకే ప్రశ్న: "ఇది ఏ సబ్జెక్టు కిందికి వస్తుంది?" ఫారంలో ఒక్క సబ్జెక్టే ఎంచుకునే వీలుంది. సోషియాలజీ అని పెట్టాం. అలా పెడితే నీటి పరీక్షల డబ్బును 'సంబంధం లేని ఖర్చు' కింద కోసేస్తారని మాకు తెలియదు. నవంబర్ 9న మంజూరు ఉత్తరం వచ్చింది. ₹14 లక్షలు అడిగితే ₹8.5 లక్షలు ఇచ్చారు. మీరు దరఖాస్తు చేసేటప్పుడు పరీక్షల ఖర్చును విడి పద్దుగా పెట్టకుండా 'క్షేత్ర సేకరణ' పద్దులో భాగంగా, ఎందుకు అవసరమో రెండు వాక్యాల్లో వివరించి రాయండి. మాకు ఈ మాట చెప్పినవాళ్లు లేరు.

డబ్బు రావాలంటే, మనుషుల మీద చేసే పరిశోధనల్లో వాళ్లకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. నీళ్లతో పాటు మూత్ర నమూనాలూ తీసుకుంటాం కాబట్టి వైద్య పరిశోధనకు వర్తించే 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు మాకూ వర్తించాయి. కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది. మొదటిసారి తెలుగు అంగీకార పత్రాన్ని వేరే వ్యక్తితో మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పించి తెమ్మన్నారు. రెండోసారి, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు విడిగా పత్రం కావాలన్నారు. అడిగిన రెండూ న్యాయమైనవే. అనుమతి 2023 మార్చిలో, మొదటి విడత 40 శాతం, అంటే ₹3.4 లక్షలు, ఏప్రిల్ చివరి వారంలో వచ్చాయి. ఉత్తరానికీ డబ్బుకీ మధ్య ఐదున్నర నెలలు.

అంగీకార పత్రం గురించి ఒక మాట చెప్పాలి. మేం రాసింది అచ్చమైన పుస్తకాల తెలుగు: 'ఈ అధ్యయనంలో స్వచ్ఛందంగా పాల్గొనుటకు సమ్మతిస్తున్నాను'. జూన్ 12న మొదటి ఊర్లో మొదటి ఇంట్లో ఒక పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆమె నవారు మంచం మీద కూర్చుని ఓపిగ్గా విన్నది. చివర్న అడిగింది: "గిదంత సరే బిడ్డా. గీ సంతకం పెడ్తె పింఛిని వస్తదా, పోతదా?" వస్తుందని కాదు, పోదని హామీ కావాలి ఆమెకు. రెండూ జరగవని చెప్పాను. కాసేపు నా మొహం చూసి, "మరి నీకేమొస్తది?" అన్నది. ఆ ప్రశ్నకు పత్రంలో చోటే లేదు. ఆ రాత్రి పత్రాన్ని మొత్తం మార్చాం. 'మీ పింఛన్‌కు, రేషన్ కార్డుకు దీనితో సంబంధం లేదు. మీకు డబ్బు రాదు. మీ ఇంటి నీళ్లలో ఏముందో పరీక్ష చేసి చెబుతాం. వద్దంటే ఇప్పుడే కాదు, మధ్యలోనైనా మానుకోవచ్చు.' మారిన పత్రానికి మళ్లీ కమిటీ అనుమతి, మరో 19 రోజులు. పాత పత్రాల ప్రింటింగుకు పెట్టిన ₹4,300 పోయాయి.

ఇంటింటికీ తిరిగేందుకు మా ఎంఏ పూర్తిచేసిన నలుగురు పిల్లల్ని తీసుకున్నాం, ముగ్గురు అమ్మాయిలు, ఒక అబ్బాయి. నెలకు ₹16,000. ఆటో రోజుకు ₹1,200. మొదటి వారంలోనే ఒక పాఠం. పిల్లలు నీళ్ల నమూనాల కోసం శుభ్రంగా కడిగిన గాజు సీసాలు తెచ్చారు. భూగర్భ శాస్త్రం సారు చూడగానే పక్కన పెట్టించారు. ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది, నమూనా చెడుతుంది, ప్లాస్టిక్ సీసాలే వాడాలి. ఎంఏ సోషియాలజీ పిల్లలకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అలాగే, ముసలాయనను పేరు పెట్టి పిలవకూడదని, ముందు నీళ్లడిగి తాగి అప్పుడు ఫారం తీయాలని సారుకు తెలియదు. ఆయన ఆ పిల్లల దగ్గర నేర్చుకున్నారు.

ఆగస్టు గడిచేసరికి 210 ఇళ్లు పూర్తయ్యాయి. మొత్తం 360 చేయాలి. అప్పుడు ఎన్నికలొచ్చాయి. అక్టోబర్ 9న కోడ్ పడింది. అసలు ఈ ప్రాంతం 2022 నవంబర్‌లో మునుగోడు ఉప ఎన్నిక చూసింది. ట్యాబ్ పట్టుకుని గడప ముందు నిలబడినవాళ్లంటే ఏదో పార్టీ సర్వే అనే అనుకుంటారు. ఒక ఊర్లో మా అమ్మాయిల్ని అరుగు మీద కూర్చోబెట్టి, "ఏ పార్టీ తరఫున?" అని గంటసేపు అడిగారు. ఎవరూ చేయి చేసుకోలేదు, గట్టిగా అరవలేదు కూడా. కానీ ఒకమ్మాయి ఆ రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. పని ఆపేశాను. జీతాలు ఆపలేదు. మొదటి విడత డబ్బు అప్పటికే అయిపోవచ్చింది. రెండు నెలలు నేనూ ఎకనామిక్స్ సారూ చెరి సగం ఇచ్చాం, నా వంతు ₹64,000. మా ఆయన ఏమీ అనలేదు. బ్యాంకు పుస్తకం మాత్రం చూశాడు.

డిసెంబర్ 3న ఫలితాలు వచ్చాయి, 11న మళ్లీ మొదలుపెట్టాం. మా పరిశోధన మొత్తం తిరగబడింది ఆ వారంలోనే.

భూగర్భ శాస్త్రం సారు ఒక చెలకలో మోటారు బోరు నమూనా తీసుకోవడానికి వెళ్లారు. మధ్యాహ్నం కావస్తోంది. పత్తి ఏరుతున్న ఆడవాళ్లలో ఒకామె నడుముకు పత్తి ఒడి అలాగే కట్టుకుని వచ్చి, రెండు లీటర్ల కూల్ డ్రింక్ సీసాను పైపు కింద పెట్టింది. మూతతో ఒకసారి గిలకరించి పారబోసి మళ్లీ నింపుకుంది. సీసా అడుగున తెల్లటి పొర కట్టి ఉంది.

"ఇవి తాగుతారా అమ్మా?"

"మరేం తాగాలె సారూ? ఇంటి నుంచి తెచ్చిన నల్లా నీళ్లు పదకొండు కాకముందే ఒడిసె."

సారు అక్కడి నుంచే నాకు ఫోన్ చేశారు. "మేడం, మన ప్రశ్న తప్పు" అన్నారు. నేను ట్యాబ్‌లో ఆమె ఇంటి ఫారం తెరిచాను. 'మీ ఇంట్లో ప్రధాన తాగునీటి వనరు?' ఎదురుగా నల్లా అని టిక్కు. ఆమె అబద్ధం చెప్పలేదు. మేం ఇంటి గురించి అడిగాం, ఇంటి గురించి చెప్పింది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆమె ఇంట్లో ఉండదు. 210 ఇళ్లలో మేం అడిగింది ఆ ఒక్క ప్రశ్నే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆరు నెలల పని. పిల్లల ముందు ఒప్పుకోవాలంటే సిగ్గేసింది. ఎకనామిక్స్ సారు మాత్రం ఉత్సాహపడ్డారు. కూలి పనుల మీద చేసే సమయ పట్టిక ఆయనకు అలవాటు. ఇంటికి ఒక ఫారం కాకుండా మనిషికి ఒక పట్టిక చేద్దామన్నారు. పొద్దున ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా గంట గంటకూ ఎక్కడున్నారు, ఎక్కడి నీళ్లు తాగారు, ఎన్ని చెంబులు అని రాయాలి. చెంబు అంటే ఎంత? డాక్టరమ్మకు మిల్లీలీటర్లు కావాలి. కొలత జాడీ పట్టుకుని ప్రతి ఇంట్లో వాళ్ల చెంబునే కొలిచాం. ఒక ఇంటి చెంబు ముప్పావు లీటరు, పక్కింటిది లీటరు దాటింది. ఆ పనికి ఊరంతా నవ్వింది. కానీ అప్పటిదాకా మమ్మల్ని దూరం నుంచే చూసిన ఆడవాళ్లు తమ చెంబులు తామే తెచ్చి ముందు పెట్టారు. పాత 210 ఇళ్లకూ మళ్లీ వెళ్లాం. ఈసారి ఎవరూ కాదనలేదు.

పట్టికలు నిండుతుంటే ఇంకో సంగతి బయటపడింది. 2024 వేసవిలో సాగర్ నీటిమట్టం బాగా పడిపోయింది. మా ఆరు ఊర్లలో రెండింట్లో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. అప్పుడు ప్రతి ఇంట్లో నల్లా నీళ్లకు ఒక వరుస ఉంది. ముందు పప్పుకు, ఎందుకంటే బోరు నీళ్లతో పప్పు ఉడకదు. తర్వాత బడికి పోయే పిల్లల సీసాకు. తర్వాత మగాయనకు. మిగిలితే కోడలికి. అత్తమ్మ దాకా వచ్చేసరికి బోరు నీళ్లే. "నాకేమైతది ఇగ, అయ్యేదంత అయ్యె" అంటూ ఒకామె బోరింగు నీళ్ల చెంబు పైకెత్తి తాగింది. ఆమె వేళ్లు చెంబు చుట్టూ పూర్తిగా ముడుచుకోవు, రెండు అరచేతులతో పట్టుకుంది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, మూడు రకాల నీళ్లు. సారు పరికరం ఈ వరుసను చూపించలేదు. నా ఫారం ఒక్కటీ చూపించలేదు. రెండూ పక్కపక్కన పెట్టాకే కనిపించింది.

ఊర్ల పేర్ల సంగతికి వస్తాను. డాక్టరమ్మ పళ్లు పరీక్షించి ఫోటో తీస్తారు, పళ్ల మీద గోధుమ రంగు చారలు ఈ జబ్బుకు తొలి గుర్తు. ఇంటర్ చదివే ఒకమ్మాయి నవ్వొచ్చినప్పుడల్లా చున్నీ నోటికి అడ్డం పెట్టుకునేది. పరీక్షకు ఒప్పుకుంది, ఫోటో వద్దంది. వాళ్లమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "ఊరి పేరు పేపర్ల ఎక్కితె మా పిల్లల్ని ఎవరు చేసుకుంటరు మేడం? ఇప్పటికే సంబంధం మాట్లాడొచ్చినోళ్లు మీది ఏ ఊరని అడిగి లేచిపోతుండ్రు." ఆ సాయంత్రం నలుగురం గట్టిగా వాదించుకున్నాం. ఊరి పేరు, బోరు ఉన్న చోటు లేకుండా మ్యాప్ వేస్తే దానికి అర్థమే లేదని సారు. పేరు వేస్తే మనం వాళ్లకు కీడు చేసినవాళ్లమవుతామని నేను. ఇద్దరిదీ న్యాయమే. రెండు నెలలు మాట్లాడుకోవడం మానేశామంటే నమ్మండి, పిల్లల ద్వారానే కబుర్లు. చివరికి దారి చూపింది డాక్టరమ్మ. బయటికి వెళ్లే నివేదికలో ఊర్లకు అంకెలు మాత్రమే. అసలు మ్యాప్ గ్రామసభ ఒప్పుకుంటేనే నీటి ఇంజనీర్లకు. ఆరు ఊర్లలో ఐదు ఒప్పుకున్నాయి. ఆరో ఊరి మ్యాప్ సారు కంప్యూటర్లోనే ఉంది, బయటికి రాదు.

రెండో విడత 2024 జూలైలో వచ్చింది. ఆగస్టు నుంచి రాత. కష్టమంతా క్షేత్రంలోనే అనుకున్నాను. ఒక అధ్యాయాన్ని నలుగురు రాయడం అంతకంటే కష్టం. 'ప్రభావం' అనే ఒక్క మాట దగ్గర మూడు వారాలు ఆగిపోయాం. సారుకు అది లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములన్నది, 1.5 దాటితే ప్రమాదం. డాక్టరమ్మకు ఒక మనిషి ఒంట్లోకి రోజుకు ఎంత వెళ్లిందన్నది, అందులో అన్నం, టీ కూడా లెక్కకు వస్తాయి. ఎకనామిక్స్ సారుకు పోయిన పని దినాలు. నాకు, తప్పిపోయిన పెళ్లి సంబంధం. చివరికి ఒక పెద్ద చార్టు మీద ఒకే ఇంటిని తీసుకుని నాలుగు లెక్కలూ నాలుగు నిలువు వరుసల్లో రాశాం. ఎవరి మాటా కొట్టేయలేదు. ఆ పట్టికే నివేదికకు వెన్నెముక అయింది. ఐదు నెలలు పట్టింది.

నవంబర్‌లో కొన్ని ఇళ్లకు సరిచూసుకోవడానికి వెళ్తే అప్పుడే ప్రభుత్వ సమగ్ర కుటుంబ సర్వే మొదలైంది. "మొన్ననే రాసుకపోయిండ్రు గదా" అన్నారు. "మేం చెంబులోళ్లం" అని మా పిల్ల అంటే తలుపు తెరిచారు.

డబ్బు లెక్కల గురించి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు శ్రద్ధగా చదవండి. ఆటో ఆయన బిల్లు ఇవ్వడు. తెల్లకాగితం మీద రోజువారీ రశీదు రాయించుకుని, ఎక్కడి నుంచి ఎక్కడికో, ఎన్ని కిలోమీటర్లో రాసి సంతకం తీసుకోవాలి. ₹5,000 దాటిన ప్రతి రశీదుకు రెవెన్యూ స్టాంపు అంటించాలి. మొదటి రోజు నుంచీ చేయాలి. మేం నాలుగో నెలలో మొదలుపెట్టాం, అంతకుముందువి ₹37,400 ఆడిట్‌లో చెల్లలేదు. ఇచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం ఇస్తేనే తర్వాతి విడత, తర్వాతి విడత వస్తేనే పిల్లల జీతాలు. ఆ మధ్యకాలాన్ని భరించే స్తోమత ఉందో లేదో ముందే చూసుకోండి. చివరి విడత నేను ఇది రాసేనాటికి రాలేదు.

నివేదిక ఫారంలో మళ్లీ అదే గడి ఎదురైంది. దేశ నిర్మాణానికి ఈ పరిశోధన ఎలా తోడ్పడింది? 300 పదాలు. ఈసారి ఆ మధ్యాహ్నం సీసా నింపుకున్న ఆమె రోజును గంట గంటకూ రాశాను. ఎనిమిదికి ఎక్కడ, పదకొండుకు ఎక్కడ, ఏ నీళ్లు, ఎన్ని చెంబులు, వాటిలో ఎంత ఫ్లోరైడ్, ఆ ఏడాది నడుం నొప్పితో ఎన్ని రోజుల కూలి పోయింది. చివర్న ఒక సూచన: ఆవాసంతో పాటు మనిషి పని చేసే చోటునూ లెక్కలోకి తీసుకోవాలని. 288 పదాలయ్యాయి. నలుగురం ఒక్క అక్షరం మార్చకుండా సంతకాలు పెట్టాం.

అంతకుముందే, జనవరిలో, ఆరు ఊర్లకూ వెళ్లి ఏ బోరులో ఎంత ఉందో పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసిన కాగితాలు ఇచ్చాం. ఇస్తామన్న మాట ప్రకారం. ఆ పెద్దమ్మ తన కాగితాన్ని మనవడితో రెండుసార్లు చదివించుకుని దిండు కింద పెట్టుకుంది. పత్తి చెలక ఆమె మాత్రం కాగితం చూడలేదు. "మా చెలక బోరుకు గూడ ఎర్ర రంగెయ్యిండ్రి, ఊర్ల బోరింగులకు ఒకప్పుడు ఏసినట్టు" అంది. తాగొద్దని గుర్తుగా వేసే ఆ రంగుకు మా దగ్గర పద్దు లేదు. మా పిల్లలు రెండు డబ్బాలు కొనుక్కొచ్చి పైపుకు వేశారు. తడి ఆరకముందే ఆమె అడిగింది: "మంచిగైంది. మరి పదకొండు దాటినంక మేమేం తాగాలె?"

అక్కడే గట్టు మీద నిలబడి చెలక రైతుతో మాట్లాడాం. ఆయనకూ కాగితం చదివి వినిపించాం. జనవరి ఆఖరి ఏరుడుకు ఆయన రోజూ ట్రాక్టర్ మీద ఇరవై లీటర్ల క్యాన్లు రెండు తెచ్చి వేపచెట్టు కింద పెట్టించాడు. డబ్బు ఆయనే ఇచ్చాడు. పక్క చెలకల వాళ్లు ఇంకా తేవడం లేదు. మొన్న వెళ్లి ఇద్దరితో మాట్లాడాను, ఒకరు చూద్దామన్నారు.